బడికీ ఇంటికీ మధ్య ఒక నోటుబుక్కు: మెదడు తీరు వేరైన పిల్లలకు చదువు అందేలా చేయడం ఎలా

మీ బాబు విన్న కథను పొల్లుపోకుండా తిరిగి చెబుతాడు. అదే కథను పుస్తకంలో చూసి చదవమంటే మూడో పదం దగ్గర ఆగిపోతాడు. లేదా మీ పాప బడిలో నోరు విప్పదు, ఇంటికి రాగానే చెప్పులు విసిరేసి గంటసేపు ఏడుస్తుంది. టీచరేమో "శ్రద్ధ లేదమ్మా" అంటారు, ఇంట్లో జేజి "వాళ్ళ నాయన కూడా చిన్నప్పుడు ఇంతే" అంటుంది. ఏం చేయాలో తెలియక మీకు టెన్షన్.

నేను ఆదోని వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్‌ని. నా కొడుకుకు డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ రెండూ ఉన్నాయి. ఆ సంగతి తెలియక ముందు, "చక్రం" అన్న మాటను వాడు నాలుగోసారి తప్పు చదివినందుకు స్కేలుతో కొట్టాను. వాడికప్పుడు ఏడేళ్ళు. డాక్టరుకు చూపిస్తే "పెద్దయ్యే కొద్దీ అదే సర్దుకుంటుంది" అన్నారు. ఆ మాట నమ్మి ఇంకో రెండేళ్ళు పోగొట్టుకున్నాం. మీకు ఆ రెండేళ్ళు పోకూడదని ఇది రాస్తున్నాను.

ఆటిజం (మాటలో, నలుగురితో కలవడంలో తేడా), ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలపడంలో, కుదురుగా ఉండటంలో ఇబ్బంది), డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది), డిస్‌గ్రాఫియా (రాయడంలో ఇబ్బంది), డిస్‌కాల్క్యులియా (లెక్కల్లో ఇబ్బంది) ఉన్న పిల్లలను కలిపి న్యూరోడైవర్జెంట్ అంటున్నారు. వీళ్ళ మెదడు పనిచేసే తీరు వేరు. సోమరితనానికీ దీనికీ సంబంధం లేదు, పెంపకంలో లోపం వల్ల వచ్చేదీ కాదు. డిస్లెక్సియా ఉన్న పిల్లల తెలివికి ఏ లోటూ ఉండదు. చదువు వాళ్ళకు అందే దారి మారాలి, అంతే. ఆ దారి ఏదో వెతకడానికి మీకు కావలసిన మొదటి వస్తువు ఒక వంద పేజీల నోటుబుక్కు.

1. రెండు వారాలు చూసి, రాసిపెట్టండి

ఈ రెండు వారాలు పిల్లవాణ్ణి మార్చే ప్రయత్నం ఏదీ చేయకండి. చూడండి, రాయండి. ఇబ్బంది వచ్చిన ప్రతిసారీ నాలుగు సంగతులు చాలు: ఎన్ని గంటలకు, దానికి ముందు ఏం జరిగింది, పిల్లవాడు ఏం చేశాడు, ఆ తర్వాత మీరేం చేశారు.

"హోంవర్క్ చేయనని మారాం చేశాడు" అని రాస్తే తర్వాత ఎందుకూ పనికిరాదు. "సాయంత్రం 6:30. తెలుగు నోట్స్ చూసి రాయమన్నాను. రెండు వరుసలు రాశాడు, చెయ్యి విదిలించాడు, పెన్సిల్ పారేశాడు. లెక్కలు నోటితో అడిగితే అన్నీ చెప్పాడు." ఇలా రాయండి. ఇందులో దారి కనిపిస్తోంది: చదువు మీద విసుగు లేదు, చేతిరాత దగ్గర చిక్కు ఉంది.

బాగా జరిగినవి కూడా రాయాలి, చాలామంది ఇదే మరిచిపోతారు. బండి పార్టులు విప్పి బిగించడం, పాటలు పట్టేయడం, బస్సు నంబర్లన్నీ గుర్తుంచుకోవడం, మేకపిల్ల దగ్గర గంటసేపు ఓపికగా కూర్చోవడం లాంటివి. తర్వాత పాఠం చెప్పేటప్పుడు మీకు ఆసరా అయ్యేవి ఇవే.

ఆడపిల్లల విషయంలో ఇంకాస్త జాగ్రత్తగా చూడండి. గోల చేసే మగపిల్లవాడి మీద అందరి కళ్ళూ పడతాయి. కిటికీ పక్కన కూర్చుని ఎటో చూస్తూ ఉండే పాపను "నెమ్మదస్తురాలు" అని వదిలేస్తాం. ఏడీహెచ్‌డీ అలా నిశ్శబ్దంగా కూడా ఉంటుంది. నా తరగతిలోనే అలాంటి పాపను ఒక సంవత్సరమంతా గుర్తించలేకపోయాను.

"ఫోన్ ఇస్తే రెండు గంటలు కదలడు, పుస్తకం ముందు రెండు నిమిషాలు కూర్చోడు, ఇదంతా నటన" అని మా ఊళ్ళో తల్లిదండ్రులు తరచుగా అంటారు. నటన కాదు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు ధ్యాస ఉంటుంది, దాన్ని కావలసిన చోటికి తిప్పుకోవడమే కష్టం. ఫోన్‌లో బొమ్మ ప్రతి క్షణం మారుతూ వాళ్ళను లాగి పట్టుకుంటుంది. పుస్తకం అలా లాగదు.

2. ముందు కన్ను, చెవి. ఆ తర్వాత మిగతా పరీక్షలు

చదవడం రాని పిల్లల్లో కొందరికి కావలసింది కళ్ళజోడు మాత్రమే. పిలిస్తే పలకని పిల్లల్లో కొందరికి చెవిలో చీము, వినికిడి లోపం. కాబట్టి మొదట ఈ రెండూ చూపించండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. ఆ బృందం అంగన్‌వాడీలకూ ప్రభుత్వ బడులకూ వచ్చి పిల్లలను ఉచితంగా పరీక్షిస్తుంది, ఎదుగుదలలో ఆలస్యం ఉన్నవాళ్ళను జిల్లా స్థాయి కేంద్రానికి పంపుతుంది. వాళ్ళు వచ్చే రోజు ముందే కనుక్కుని, మీ నోటుబుక్కు తీసుకుని మీరూ బడికి వెళ్ళండి. వరుసలో నిలబడిన పిల్లవాణ్ణి అర నిమిషం చూసి వాళ్ళు అన్నీ కనిపెట్టలేరు. మీరు చెబితేనే ఆగి చూస్తారు.

తర్వాత కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో పిల్లల విభాగం, మానసిక వైద్య విభాగం. మానసిక వైద్యం అన్న మాట వినగానే భయపడకండి, ఈ పిల్లలను చూసే డాక్టర్లు ఆ విభాగంలోనే ఉంటారు. ఇంకా లోతుగా పరీక్షించాలంటే కర్నూలు వాళ్ళకు సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో ఉన్న నీపిడ్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ దగ్గర. అనంతపురం వాళ్ళకు బెంగళూరులోని నిమ్‌హాన్స్ అనే మానసిక వైద్య సంస్థ దగ్గర. డిస్లెక్సియా వంటి వాటికి మన దేశంలో ఎక్కువగా వాడే పరీక్ష కూడా నిమ్‌హాన్స్ వాళ్ళు తయారు చేసిందే.

పరీక్ష ఏ భాషలో చేస్తారో ముందే అడగండి. తెలుగులో చదువుకునే పిల్లవాడికి ఇంగ్లిష్‌లో చదివించి "చదవలేకపోతున్నాడు" అని తేలిస్తే దాని వల్ల మనకు తెలిసేది ఏమీ లేదు. రిపోర్టు చేతికి రాగానే ఒక జిరాక్స్ తీసి బడిలో ఇవ్వండి, అసలు కాపీ మీ దగ్గరే ఉండాలి.

డాక్టరు పేరు పెట్టేదాకా ఆగాల్సిన పని లేదు. కింద రాసినవన్నీ ఈ రోజే మొదలుపెట్టవచ్చు. అవసరం లేని పిల్లవాడికి చేసినా వాటి వల్ల నష్టం లేదు.

3. టీచరుతో మాట్లాడే పద్ధతి

గేటు దగ్గర, బెల్లు కొట్టే వేళ, నలుగురి ముందు మాట్లాడకండి. "మేడం, శనివారం పది నిమిషాలు టైం ఇస్తారా?" అని అడిగి వెళ్ళండి. నోటుబుక్కు చూపించండి. ఫిర్యాదుతో మొదలుపెడితే ఏ టీచరైనా గడప అవతలే నిలబెడతారు. నేనూ టీచర్‌నే కాబట్టి చెబుతున్నాను. ఒక్కొక్కసారి ఇద్దరు టీచర్లం అయిదు తరగతులను చూసుకుంటాం. పది కోరికలతో వస్తే ఒక్కటీ జరగదు. రెండే అడగండి. అవి కుదిరాక, నెల తర్వాత ఇంకో రెండు.

ఏవి అడగాలి? నా అనుభవంలో ఎక్కువ ఫలితం ఇచ్చినవి ఇవి. పిల్లవాణ్ణి ముందు వరుసలో, తలుపుకూ కిటికీకీ దూరంగా, నెమ్మదైన పిల్లల పక్కన కూర్చోబెట్టడం. బోర్డు మీద ఉన్నదంతా ఎక్కించుకోమనకుండా సగం రాయించి, మిగతాది నోటితో అడగడం. "పుస్తకం తీసి, ఇరవయ్యో పేజీలో మూడో ప్రశ్న రాసి, నా దగ్గరికి తీసుకురండి" అని ఒకే ఊపులో చెప్పకుండా ఒక్కో పని చెప్పడం. అందరి ముందు నిలబెట్టి గట్టిగా చదివించకపోవడం. ఈ ఆఖరిది మాత్రం ఏ బడిలో అయినా మొదటి రోజే అడగండి.

కుదురుగా కూర్చోలేని పిల్లలకు కదిలే పని ఇవ్వమనండి. సుద్దముక్కలు తెచ్చేది వాడే, హాజరు పుస్తకం ఆఫీసు గదిలో ఇచ్చి వచ్చేది వాడే. ఎండాకాలంలో వాటర్ బెల్లు కొడితే అందరికీ నీళ్ళు తాగమని గుర్తుచేసేదీ వాడే. శిక్షగా గోడకు నిలబెడితే ఆ పిల్లవాడి కాళ్ళు ఇంకా ఆగవు.

ప్రభుత్వ బడి అయితే భవిత కేంద్రం గురించి అడగండి. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద నడుస్తున్న ఈ కేంద్రాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు శిక్షణ పొందిన టీచర్లు ఉంటారు. కదల్లేని పిల్లల ఇళ్ళకు కూడా వెళ్తారు. మీ మండలంలో ఎక్కడ ఉందో ఎంఈఓ (మండల విద్యాధికారి) కార్యాలయంలో చెబుతారు. బడిలో పిల్లలను గుర్తించడానికి ఎన్‌సీఈఆర్‌టీ 2022లో ప్రశస్త్ అనే యాప్ తెచ్చింది. టీచరు తన ఫోన్‌లోనే ప్రశ్నలకు జవాబులు నింపవచ్చు. "ప్రశస్త్‌లో మా వాడి వివరాలు పెట్టారా సార్?" అని ఒక్క మాట అడిగి చూడండి, పని కదులుతుంది.

ఎవరైనా కొడితే, "మొద్దు" అని పిలిస్తే ఊరుకోకండి. విద్యాహక్కు చట్టం 2009 సెక్షన్ 17 కొట్టడాన్నీ, మనసు నొప్పించేలా వేధించడాన్నీ రెండింటినీ నిషేధించింది.

4. తెలుగు చదవడం: చిక్కు ఎక్కడుందో అక్కడ మొదలుపెట్టండి

డిస్లెక్సియా గురించి దొరికే సలహాల్లో చాలా భాగం ఇంగ్లిష్ చదువు కోసం రాసినవి. బి, డి తిరగబడటం గురించి చెబుతారు. మన పిల్లలు తడబడే చోట్లు వేరు.

మొదటి చోటు, ఒకేలా కనిపించే అక్షరాలు. ప, వ. మ, య. వు, మ. ద, ధ, థ. వర్ణమాల వరుసలో త థ ద ధ పక్కపక్కనే వస్తాయి, ఈ పిల్లలకు అదే పెద్ద గొడవ. కాబట్టి వరుసను పక్కన పెట్టండి. ప నేర్పితే దానితో "పలక", "పడక" లాంటి మాటలు కళ్ళు మూసుకుని చెప్పేంత గట్టిపడాలి. రెండు వారాల తర్వాతే వ తీయండి. పోలిక ఉన్న రెండు అక్షరాలను ఒకే రోజు నేర్పకండి. ఖ, ఘ, థ, ధ లాంటి ఒత్తి పలికే అక్షరాలు చివరికి వదిలేసినా కొంప మునగదు.

రెండో చోటు గుణింతం. కంఠతా పట్టడం ఈ పిల్లల్లో చాలామందికి వస్తుంది. "క కా కి కీ" పాటలా పాడేస్తారు. మధ్యలో "కే" చూపించి ఇదేమిటంటే మొదటి నుంచి పాడుకుంటూ వస్తారు. అందుకని గుర్తును విడిగా నేర్పండి. ఈ వారం గుడి ఒక్కటే: కి, గి, తి, లి, మి. అక్షరం మారుతుంది, నెత్తిన గుడి మారదు. వచ్చే వారం కొమ్ము. ఒక పళ్ళెంలో రాగిపిండి పరిచి, వేలితో పెద్దగా రాయిస్తూ నోటితో పలికించండి. కన్ను, చెయ్యి, నోరు, చెవి ఒకేసారి పనిచేస్తే అక్షరం నిలుస్తుంది. పిండి పారబోయక్కర్లేదు, డబ్బాలో పోసి రేపు మళ్ళీ వాడుకోవచ్చు.

మూడో చోటు వత్తులు. నా కొడుకు దెబ్బలు తిన్నది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. "చక్రం" చూడండి. ర వత్తు క కింద ఎడమ పక్కనుంచి చుట్టుకొస్తుంది. కంటికి ముందు తగిలేది ర వత్తు, నోటికి ముందు రావలసింది క. పిల్లవాడు కంటిని నమ్మి "చర్కం" అంటాడు. "శక్తి" చూడండి. గుడి ఉన్నది క మీద, పలకవలసింది త తర్వాత. పిల్లవాడు "శకిత" అంటాడు. వాడు తప్పుగా చూడలేదు. ఉన్నది ఉన్నట్టే చూశాడు, మన లిపిలో వరుస అలా ఉంది.

ఇలా నేర్పండి. మొదట "అక్క", "అమ్మ", "అన్నం" లాంటి మాటలు, అంటే అక్షరమూ వత్తూ ఒకటే అయినవి. వీటిలో వరుస తారుమారయ్యే భయం లేదు. అవి గట్టిపడ్డాక "రక్తం", "పుస్తకం" లాంటివి. ఆ తర్వాతే "శక్తి", చివర్లో ర వత్తు మాటలు. వత్తును ఎరుపు స్కెచ్ పెన్నుతో, అక్షరాన్ని నీలంతో రాసి "ముందు నీలం, తర్వాత ఎరుపు, ఆఖరున గుర్తు" అని మూడు మెట్లు చెప్పించండి. మావాడికి ఇది పట్టుబడటానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు రంగులు లేకుండానే చదువుతున్నాడు.

పేజీ నిండా అక్షరాలు కనబడితే కళ్ళు బెదిరిపోయే పిల్లలు ఉంటారు. సబ్బు డబ్బా అట్టకు ఒక వరుస పట్టేంత కిటికీ కత్తిరించి పుస్తకం మీద పెట్టండి. ఆ వరుస ఒక్కటే కనిపిస్తుంది, చదివే కొద్దీ కిందికి జరుపుకుంటూ పోతాడు.

చదివే వేగం వచ్చేదాకా పాఠం ఆగకూడదు. సైన్స్, పరిసరాల విజ్ఞానం మీరు చదివి వినిపించండి, లేదా అక్కతో చదివించి ఫోన్‌లో రికార్డు చేయండి. చదవలేడని తెలుసుకోవడం ఆపేస్తే పిల్లవాడు రెండు విధాలా వెనకబడతాడు. మన ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లిష్, ఎదురుగా తెలుగు ఉంటాయి కదా, ముందు తెలుగు పేజీ విని అర్థం చేసుకోనివ్వండి. భావం తెలిశాక ఇంగ్లిష్ పేజీలో పది మాటలు గుర్తుపడితే ఆ రోజుకు చాలు.

5. లెక్కలు

అంకెలు తెలుగులో మొదలుపెట్టండి, ఇంగ్లిష్ మీడియం పిల్లలకైనా సరే. ఇంగ్లిష్‌లో థర్టీన్, థర్టీ చెవికి దాదాపు ఒకటే. పైగా థర్టీన్‌లో మూడు ముందు, పది వెనక పలుకుతాం, రాసేది మాత్రం ఒకటి ముందు, మూడు వెనక. పిల్లవాడు 31 రాస్తే ఆశ్చర్యం ఏముంది? పదమూడులో పది ముందు, మూడు తర్వాత, రాతలోనూ అదే వరుస.

చేతికి తగిలే వస్తువులు ఇవ్వండి. బుడ్డలు (వేరుశనగ కాయలు) ఇంట్లో ఉండనే ఉంటాయి. పది బుడ్డలు ఒక చిన్న సంచిలో కడితే ఒక పది. మూడు సంచులు, నాలుగు విడి బుడ్డలు: ముప్పై నాలుగు. తీసివేతలో "అప్పు తెచ్చుకోవడం" అంటే సంచి ముడి విప్పడమే. ఇది చేతులతో నెల రోజులు చేశాకే కాగితం మీదికి రండి. ఎక్కాలు నోటికి రాకపోతే పట్టిక రాసి పక్కన పెట్టుకోనివ్వండి. ఏడెనిమిదులు గుర్తులేనంత మాత్రాన లెక్క అర్థం కానట్టు కాదు. కిరాణా కొట్టుకు పంపి చిల్లర లెక్కపెట్టి తెమ్మనండి, ఎంత తెలుసో మీకే తెలుస్తుంది.

6. ఇంట్లో చదువు వేళ

బడి నుంచి రాగానే పుస్తకాలు తీయించకండి. రోజంతా బిగపట్టుకుని కూర్చున్న పిల్లలు వాళ్ళు. ముందు తిండి, తర్వాత ముప్పావు గంట ఆట లేదా ఊరికే పడుకోవడం. రోజూ ఒకే వేళకు, ఒకే చోట చదువు. టీవీ ఆగాలి, ఇంట్లో ఇదే అన్నింటికన్నా కష్టం. సీరియల్ వేళ మార్చుకోలేకపోతే చదువు వేళ మార్చండి.

పది నిమిషాల చదువు, అయిదు నిమిషాల విరామం. అలా మూడు సార్లు. ఫోన్‌లో అలారం పెట్టి ఫోన్‌ను కనబడని చోట ఉంచండి. విరామంలో బిందెతో నీళ్ళు తేవడం, మొక్కలకు పోయడం, గోడను రెండు చేతులతో నెట్టడం లాంటి బలం పెట్టే పనులు ఇస్తే తిరిగి కూర్చున్నప్పుడు ఒళ్ళు నెమ్మదిస్తుంది. హోంవర్క్ అరగంట దాటితే ఆపేసి, "ఈ రోజు ఇంతవరకే చేయగలిగాడు" అని నోటుబుక్కులో రాసి పంపండి. టీచరుతో ఈ ఒప్పందం ముందే చేసుకోండి. రాత్రి పది వరకు కొట్లాడి పూర్తి చేయించిన హోంవర్క్ టీచరుకు అబద్ధం చెబుతుంది. పిల్లవాడికి అంతా వచ్చని టీచర్‌గా నేను అనుకుంటాను, మరునాడు ముందుకు వెళ్ళిపోతాను.

సాయంత్రం పనులను బొమ్మలుగా వేసి గోడకు అంటించండి: ప్లేటు, బంతి, పుస్తకం, బకెట్టు, చాప. అయిన పని మీద క్లిప్పు జరుపుకుంటూ పోతాడు. మీరు పదిసార్లు చెప్పక్కర్లేదు.

మెచ్చుకునేటప్పుడు "గుడ్ బాయ్" అనకండి. "మూడో వరుస తప్పు చదివి, నువ్వే చూసుకుని దిద్దుకున్నావు" అనండి. ఏం చేస్తే బాగుందో వాడికి తెలియాలి కదా.

7. మాట, గోల

ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరు అడిగిన ప్రశ్ననే తిరిగి అంటారు. "అన్నం తింటావా?" అంటే "తింటావా" అంటారు. వెక్కిరింత అనుకోకండి, వాళ్ళు మాట నేర్చుకునే దారి అది. మీరే జవాబు రూపంలో అందించండి. కంచం చూపిస్తూ "అన్నం తింటాను" అని వాడి తరఫున అనండి. కొన్నాళ్ళకు ఆ మాటే తిరిగి వస్తుంది. సూచనలు నేరుగా ఉండాలి. "చెవులు ఎక్కడ పెట్టుకున్నావ్?" అంటే చెవులు తడుముకుని చూపించే పిల్లలు ఉన్నారు. "నా వైపు తిరుగు, చెబుతాను" అనండి. కళ్ళలోకి చూడమని పట్టుబట్టకండి. ఎటో చూస్తూ కూడా వింటారు.

శబ్దాలు వీళ్ళకు మనకంటే ఎక్కువగా తగులుతాయి. మధ్యాహ్న భోజనం వేళ ప్లేట్ల చప్పుడు, పెళ్ళి మైకు, జాతర డప్పులు. చెవులు మూసుకుని అరిచే పిల్లవాడిది మొండితనం కాదు, అతనికి నిజంగా నొప్పిగా ఉంటుంది. అందరికంటే అయిదు నిమిషాలు ముందు భోజనానికి పంపమని బడిలో అడగండి. జాతరకు తీసుకెళ్ళాలంటే ముందు రోజే ఎక్కడికి వెళ్తాం, ఎంతసేపు ఉంటాం, ఎప్పుడు తిరిగి వస్తాం అని బొమ్మలు వేసి చెప్పండి.

అరుపులు, ఏడుపు మొదలయ్యాక పాఠాలు, బెదిరింపులు పనిచేయవు. చుట్టూ ఉన్నవాళ్ళను పక్కకు పంపండి. లైటు, శబ్దం తగ్గించండి. దెబ్బ తగలకుండా చూసుకుంటూ దగ్గర్లో కూర్చోండి, మాట్లాడకండి. తేరుకోవడానికి అరగంట పట్టవచ్చు. ఎందుకు వచ్చిందో ఆ రాత్రి నోటుబుక్కులో వెతుక్కోండి.

8. సుగ్గికి వెళ్ళే ఇళ్ళు

కోసిగి, పెద్దకడబూరు వైపు తల్లిదండ్రులకు ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను. మిరప కోతలకు గుంటూరు వైపు నెలల తరబడి వెళ్ళిపోతే, చోటు మారితేనే తట్టుకోలేని పిల్లలు నేర్చుకున్నదంతా జారవిడుచుకుంటారు. వలస వెళ్ళేవాళ్ళ పిల్లల కోసం బడుల్లో సీజనల్ హాస్టళ్ళు పెడతారు. మీ మండలంలో ఈసారి ఉందా అని దసరాకు ముందే అడగండి. పిల్లవాణ్ణి జేజి దగ్గర వదిలితే గోడ మీది బొమ్మల పట్టిక, రాగిపిండి పళ్ళెం ఎలా వాడాలో ఆమెకు చేసి చూపించి వెళ్ళండి. వెంట తీసుకెళ్ళక తప్పకపోతే వాడు రోజూ పడుకునే దుప్పటి, నోటుబుక్కు, అట్ట కిటికీ సంచిలో పెట్టండి. అక్కడి బడిలో టీచరుకు నోటుబుక్కు చూపించండి.

9. సర్టిఫికెట్, పరీక్షలు

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో ఆటిజం ఉంది, డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలూ ఉన్నాయి. ఏడీహెచ్‌డీ పేరు ఆ జాబితాలో విడిగా లేదు. కాబట్టి రెండూ ఉన్న పిల్లల రిపోర్టులో రెండూ రాయించుకోండి. అభ్యసన వైకల్యాలను వీలైనంత త్వరగా గుర్తించి తగిన పద్ధతిలో బోధించడం బడి బాధ్యత అని ఈ చట్టం సెక్షన్ 16 చెబుతోంది. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు గురించి సెక్షన్ 17లో ఉంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని 2018లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది.

వైకల్య సర్టిఫికెట్ కోసం చేసే సదరం పరీక్షకు స్లాట్ గ్రామ సచివాలయంలో లేదా మీసేవలో బుక్ చేస్తారు. అభ్యసన వైకల్యాల సర్టిఫికెట్ ఎనిమిదేళ్ళు నిండాకే ఇస్తారు, 14 ఏళ్ళకూ 18 ఏళ్ళకూ మళ్ళీ పరీక్షిస్తారు. పదో తరగతిలో అడుగుదాంలే అని ఆగకండి. తొమ్మిదిలోనే కాగితాలు సిద్ధం చేసి, పదిలో నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పంపే ముందే హెడ్‌మాస్టర్‌కు ఇవ్వండి. సహాయకుడితో రాయడం కూడా ఒక అలవాటు. కనీసం రెండు బడి పరీక్షలు అలా రాయించి చూడండి. జవాబు మనసులో ఉన్నా పక్కవాడికి చెప్పి రాయించడం మొదట్లో తడబాటుగా ఉంటుంది.

ఆటిజం ఉన్న పిల్లలకు నేషనల్ ట్రస్ట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వారి నిరామయ ఆరోగ్య బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చులు కూడా కలిపి.

10. మందులు, మాటలు

ఏడీహెచ్‌డీకి మందులు ఉన్నాయి, కొందరు పిల్లలకు బాగా ఉపయోగపడతాయి. డాక్టరు రాస్తేనే ఇవ్వాలి, వాళ్ళను అడగకుండా ఆపకూడదు. ఆటిజం, డిస్లెక్సియాలను పోగొట్టే మందు లేదు. స్టెమ్ సెల్స్‌తో ఆటిజం నయం చేస్తామని లక్షలు అడిగేవాళ్ళు వస్తారు, దానికి శాస్త్రీయ ఆధారం లేదు, ఇవ్వకండి. ఇంట్లో పెద్దవాళ్ళు తాయెత్తు కట్టిస్తామంటే నేను గొడవ పడలేదు. కట్టించుకున్నాం, మరునాడు థెరపీకి వెళ్ళాం. మాకు పోట్లాట కంటే ఆ ప్రయాణం ముఖ్యం.

మీకు నిద్ర పట్టకపోతే, పిల్లవాడి మీద చెయ్యి లేస్తోందని మీకే అనిపిస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబర్ నేను ఒక రాత్రి వాడాను.

11. జూన్‌లో ఇవ్వాల్సిన పేజీ

కొత్త తరగతి, కొత్త టీచరు. పాత నోటుబుక్కులన్నీ ఇస్తే ఎవరూ చదవరు. బడి తెరిచే ముందు వాటి నుంచి ఒక్క పేజీ తీయండి. పిల్లవాడికి ఏవి ఇష్టం, ఏవి బాగా వచ్చు, ఏం జరిగితే ఇబ్బంది పడతాడు, అప్పుడు ఏం చేస్తే తేరుకుంటాడు, పోయిన ఏడాది ఏ రెండు మార్పులు పనిచేశాయి. కింద మీ ఫోన్ నంబర్. ఇక ఆఖరి వరుసలు పిల్లవాణ్ణే చెప్పమని, వాడు అన్నది అన్నట్టు రాయండి.

మావాడు ఆరో తరగతిలో చేరేటప్పుడు చెప్పింది ఇది: "నన్ను నిలబెట్టి చదివించొద్దు సార్. పక్కన కూర్చుంటే చదువుతాను. ర వత్తు వస్తే కాసేపు ఆగండి."